ముప్కాల్ ఒడ్ల మీది గడ్డి పెరట్లోకి వస్తే

దసరా దగ్గర పడుతుంటే ముప్కాల్ నుంచి పోచంపాడు దాకా కాలువగట్ల మీద రెల్లు పూస్తుంది. ఆడపిల్లలు బతుకమ్మ కోసం గునుగు, తంగేడు ఏరుకొచ్చే రోజులవి. ఆ రోజుల్లోనే జాతీయ రహదారి పక్కన కొత్త ఇళ్ల ముందు, ఫంక్షన్ హాళ్ల ముందు కడియం నర్సరీల పచ్చిక పలకలు లారీల్లో దిగుతుంటాయి. మెక్సికన్ గడ్డి, కొరియన్ గడ్డి అని వాటి పేర్లు. ఎండాకాలం వస్తే వాటికి రోజూ నీళ్లు పట్టాలి, తరచూ కత్తిరించాలి, ఎరువు చల్లాలి. గట్టు మీది రెల్లుకు ఎవరూ చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు.

మన బీళ్లలో, ఒడ్ల మీద తమంతట తాము పెరిగే గడ్డిజాతులను అందం కోసం పెరట్లో, ఊరి పార్కుల్లో పెంచవచ్చా? పెంచితే ఏవి, ఎక్కడ, ఏ జాగ్రత్తలతో? దేశదేశాల తోటపనివాళ్లు, వృక్షశాస్త్రవేత్తలు దీని మీద నూరేళ్లుగా చెబుతున్నదాన్ని నిజామాబాద్ జిల్లా నేల మీద నిలబెట్టి చూడటమే ఈ సమీక్ష. నా అభిప్రాయం ముందే చెబుతాను. పెంచవచ్చు, పెంచాలి కూడా. అడ్డం వస్తున్నది జనం అభిరుచి కాదు. విత్తనం దొరకకపోవడం, ఆ గడ్డి పుట్టిన బీడు మాయమవుతుండటం.

గడ్డిని పూలమొక్కతో సమానంగా తోటలోకి తెచ్చిన ఘనత ఎక్కువగా జర్మనీ నర్సరీ యజమాని కార్ల్ ఫోయెర్‌స్టర్‌ది. గడ్డిజాతులు, ఫెర్న్‌లు తోటల్లోకి రావడం గురించి 1957లో ఆయన ఒక పుస్తకమే రాశాడు. ఆయన పేరు పెట్టిన గడ్డిరకం ఇప్పటికీ ఐరోపా, అమెరికా తోటల్లో కనిపిస్తుంది. ఆ దారినే మరింత ముందుకు తీసుకెళ్లినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పీట్ ఔడాల్ఫ్. షికాగోలో 2004లో తెరిచిన లూరీ గార్డెన్‌కు, న్యూయార్క్‌లో మూతపడిన రైలుమార్గం మీద 2009లో మొదలైన హైలైన్ పార్కుకు మొక్కల అమరిక ఆయనదే. పూలు వాడిపోయాక కూడా ఎండిన కంకులు, దుబ్బుల రూపం చలికాలమంతా చూడముచ్చటగా ఉంటాయన్నది వాళ్ల వాదం.

అమెరికాలో దీనికి మరో మూలం ఉంది, అది నష్టం నుంచి పుట్టింది. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒకప్పుడు సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాల ప్రెయిరీ, అంటే ఎత్తుగా పెరిగే గడ్డి మైదానం, ఉండేది. జాన్ డీర్ 1837లో ఉక్కు నాగలి చేశాక చిక్కటి వేళ్లున్న ఆ నేల దున్నడం సులువైంది. ఇప్పుడు చెడకుండా మిగిలిన మేలైన ప్రెయిరీ 2,500 ఎకరాల లోపే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1935 నుంచి ఒక పాత పొలంలో గడ్డిని తిరిగి నాటడం మొదలుపెట్టింది. కర్టిస్ ప్రెయిరీ అని పిలిచే ఆ చోటు ప్రపంచంలో తొలి పునరుద్ధరణ ప్రయత్నాల్లో ఒకటి. అప్పుడప్పుడు నిప్పు పెడితేనే అక్కడి గడ్డి బాగా నిలబడుతుందని 1940లలో జాన్ కర్టిస్ బృందం పరీక్షలు చేసి చూపింది.

ఈ అనుభవాన్ని ఉన్నదున్నట్టు ముప్కాల్‌కు తెచ్చుకోలేం. అక్కడ గడ్డి మంచులో నిద్రపోతుంది, ఇక్కడ ఎండలో. ఏడాదికి రమారమి వెయ్యి మిల్లీమీటర్ల వాన, అందులో చాలా భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా. ఆ తర్వాత ఎనిమిది నెలలు దాదాపు పొడి. మే నెలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో నిలబడిన ఎండుగడ్డి అందం సంగతి అటుంచితే, అది చెత్తకు పెట్టిన నిప్పు దూరంగా ఉన్నా అంటుకునే సరుకు. కాబట్టి చలికాలమంతా కంకులు ఉంచవచ్చు గానీ, శివరాత్రి దాటే లోపు నేలకు జానెడు ఎత్తున కోసెయ్యాలి. నిప్పుతో వాళ్లు చేసే పని మనకు కొడవలి చేస్తుంది. కోసినది పశువుకు వేయవచ్చు, చెట్ల పాదుల్లో పరవవచ్చు.

తోటపని పుస్తకాలు పెద్దగా పట్టించుకోని ఒక చుట్టరికం ఇక్కడుంది. అమెరికా ప్రెయిరీని ఏలే బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ ఏ తెగకు చెందినవో మన జొన్న, చెరకు, మొక్కజొన్న, రెల్లు, వట్టివేరు, నిమ్మగడ్డి కూడా ఆ తెగకే చెందినవి. వృక్షశాస్త్రంలో దాన్ని ఆండ్రోపోగానే అంటారు. ఎండ, వేడి ఎక్కువగా ఉన్నచోట తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారుచేసుకునే పద్ధతి ఈ తెగకు ఉంది. ఆర్మూరు, బాల్కొండ, ముప్కాల్ రైతులు పండించే ఎర్రజొన్న ఉత్తరాదికి పశుగ్రాసపు విత్తనంగా పోతుంది. ఆ ఎర్రజొన్నకు, పసుపుకు గిట్టుబాటు ధర కోసం 2019 లోక్‌సభ ఎన్నికలో రైతులు మూకుమ్మడిగా నామినేషన్లు వేస్తే నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. గడ్డిజాతి మొక్కను కళ్లారా చూసి, దాని గింజ నాణ్యత చేత్తో నలిపి చెప్పగలిగిన జనం ఉన్న తావు ఇది. వీళ్లకు గడ్డి పెంచడం ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక జాతుల విషయం. దక్కను పీఠభూమి గడ్డిని సెహిమా-డైకాంథియం వర్గంగా 1973లో దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ గుర్తించారు. దేశంలోని గడ్డినేలలను ఐదు వర్గాలుగా విడగొట్టిన గ్రంథం వాళ్లది. మన జిల్లా మొక్కలకు ప్రత్యేకంగా పుల్లయ్య, రవిప్రసాదరావు 1995లో నిజామాబాద్ ఫ్లోరా వెలువరించారు. దక్షిణాది గడ్డిజాతుల మీద రంగాచారి రాసిన చేతిపుస్తకం 1921 నాటిది. ఇవన్నీ ఏ గడ్డి ఎక్కడ ఉందో చెబుతాయి. పెరట్లో పెడితే ఎలా ఉంటుందో చెప్పవు, అది వాటి పనీ కాదు. ఆ భాగం మనం పూరించుకోవాలి.

అందంలో రెల్లుకు సాటి వచ్చేది లేదు. పట్టుకుచ్చుల్లాంటి తెల్లని పూత, ఆరేడు అడుగుల ఎత్తు, సాయంత్రపు ఎండ వెనక నుంచి పడితే వెలిగిపోతుంది. సంస్కృత కవులు శరత్తును రెల్లుపూలతోనే గుర్తుపట్టేవారు, బెంగాలీలకు దుర్గాపూజ వచ్చిందంటే కాశపూలు పూసినట్టే. కానీ ఈ ప్రాంతానికి రెల్లు ఇచ్చినది అందానికి మించినది. కోయంబత్తూరులో చెరకు పరిశోధన కేంద్రం మొదలైన 1912లో బార్బర్, వెంకట్రామన్ వెల్లై అనే లావుపాటి చెరకును అడవి రెల్లుతో సంకరం చేశారు. అందులోంచి వచ్చిన కో 205 రకం 1918లో విడుదలైంది. తీపి చెరకుకు రెల్లు మొండితనం, రోగాలను తట్టుకునే గుణం అబ్బాయి. ఆ తర్వాత వచ్చిన వాణిజ్య చెరకు రకాల్లో దాదాపు అన్నిటిలోనూ రెల్లు నెత్తురు ఉంది. నిజాంసాగర్ నీళ్లు 1931 నుంచి పారడం, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టడం, శక్కర్‌నగర్ అనే ఊరే వెలవడం మనకు తెలిసిన చరిత్ర. ఆ చరిత్రలో రెల్లుకూ వాటా ఉంది. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు తోటలు చాలామట్టుకు వరి మళ్లయ్యాయి. రెల్లు మాత్రం కాలువల మీద అలాగే ఉంది.

అయినా రెల్లును ఇష్టం వచ్చినట్టు నాటమని చెప్పను. భూమిలోపల దుంపవేళ్లతో పాకుతుంది. చిన్న పెరట్లో రెండేళ్లలో మిగతా మొక్కలను మింగేస్తుంది. మధ్య అమెరికాలో పనామా కాలువ చుట్టూ మన రెల్లు చేరి అక్కడి అడవి తిరిగి మొలవకుండా చేస్తున్నది. అమెరికా ప్రభుత్వం దాన్ని హానికర కలుపుల జాబితాలో పెట్టింది. ఇక్కడ అది పరాయిది కాదు, కానీ పాకే గుణం ఇక్కడా ఉంది. పెంచాలనుకుంటే సిమెంటు రింగును భూమిలోకి దించి అందులో పెట్టాలి, పొలం ఒడ్డున కాకుండా చెరువు అంచునో కాలువ పక్కనో ఎడంగా పెట్టాలి.

పెరటికి నేను మొదట సిఫారసు చేసేది వట్టివేరు. దుబ్బుగా నిలుస్తుంది, పాకదు. దక్షిణాదిలో పెంచే రకం దాదాపు గింజ కట్టదు కాబట్టి పక్కింటి మడిలో మొలుస్తుందన్న భయం లేదు. ఊదారంగు సన్నని కంకులు వేస్తుంది. వేళ్లు నిలువునా మూడు మీటర్ల పైదాకా దిగుతాయి. ఎండాకాలం కిటికీలకు కట్టే తడికలు, కూలర్లలో వేసే వేళ్లు మనకు కొత్త కాదు. ప్రపంచ బ్యాంకు తరఫున 1980లలో మన దేశంలో పనిచేసిన గ్రీన్‌ఫీల్డ్, గ్రిమ్‌షా వట్టివేరు వరుసలతో మట్టి కోతను ఆపవచ్చని ప్రచారం చేశారు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1993లో దాని మీద పుస్తకం వేసింది. ఈ మాట శ్రీరాంసాగర్ కింద ఉన్నవాళ్లకు ఊరికే చెప్పడం లేదు. నెహ్రూ 1963 జులైలో శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు మొదటి నిల్వ సామర్థ్యం 112 టీఎంసీలు. ఇప్పుడు 80 చిల్లర. మిగతాది పూడిక తినేసింది. పూడికంతా మన ఒడ్ల నుంచే పోలేదు, గోదావరి ఎంతో దూరం నుంచి తెస్తుంది. కానీ చెల్క నేలల్లో వానకు కోసుకుపోయే ప్రతి గట్టూ ఆ మట్టిలో తన వంతు కలుపుతుంది. వరదకాలువ గట్ల మీద, ఇంటి ముందు ఏటవాలు నేల మీద వట్టివేరు వరుస వేస్తే అందం, పని రెండూ ఒకేసారి అవుతాయి.

తర్వాత రోషా గడ్డి. ముదిరితే కంకి ఎర్రబారుతుంది, ఆకు నలిపితే గులాబీ వాసన. టిప్పు సుల్తాన్‌తో యుద్ధకాలంలో బాలాఘాట్ మెట్టల మీద దీని విత్తనాలు సేకరించి లక్నోలో పెంచిన క్లాడ్ మార్టిన్ పేరే శాస్త్రనామంలో మిగిలింది. దీని నూనె ఒకప్పుడు బొంబాయి మీదుగా టర్కీకి వెళ్లి గులాబీ అత్తరులో కలిసేది. పచ్చిగా ఉన్నప్పుడు పశువులు దీన్ని అంతగా ముట్టవు కాబట్టి కంచె లేని చోట కూడా బతుకుతుంది. పల్లెటూరి తోటకు ఈ గుణం చాలా విలువైనది. ఇళ్లు కప్పే బోద గడ్డి కూడా ఈ కుటుంబందే.

బట్టలకు, గొర్రెల బొచ్చుకు గుచ్చుకునే ముల్లుగడ్డిని పుస్తకాలు హెటెరోపోగాన్ అంటాయి. ఎండిన బీడు మీద దాని రాగిరంగు కన్నా అందమైనది అరుదు. గింజ తోక తడికి విచ్చి, ఎండకు మెలిపడుతూ గింజను నేలలోకి దించుతుంది, చూడదగిన వింత అది. కానీ అదే తోక గొర్రె చర్మంలోకీ కళ్లలోకీ దిగుతుంది. గొల్లకుర్మల మందలు నడిచే దారిలో, పిల్లలు ఆడే చోట దాన్ని నాటకూడదు. అలంకారానికి బాగుందన్న ఒక్క కారణంతో దీన్ని ఊళ్లోకి తెమ్మనేవాళ్లతో నేను ఏకీభవించను.

చీపుర్లు కట్టే గడ్డి గరుకు నేలలో, రాళ్ల మధ్య పనికొస్తుంది. మార్వెల్ గడ్డి అని పశుగ్రాసం శాఖవాళ్లు చెప్పే డైకాంథియం, అంజన్ గడ్డి తక్కువ ఎత్తుకు మంచివి, మేకలకూ ఇష్టం. ఇక పచ్చికే కావాలనుకునేవాళ్లకు గరిక ఉండనే ఉంది. క్రికెట్, గోల్ఫ్ మైదానాల్లో పరిచే బెర్ముడా గడ్డి మన వినాయకుడి గరికే, లేదా దాని సంకరం. దాన్ని డబ్బు పెట్టి దూరం నుంచి తెప్పించుకోవడం అనవసరం.

స్థానికం అన్న మాట చోటును బట్టి ఎంత మారుతుందో డల్లాస్ చుట్టుపక్కల స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలు బాగా చూడగలవు. ఫ్రిస్కో, ప్లేనో లాంటి ఊళ్లు వెలసినది టెక్సాస్ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అనే నల్లరేగడి మీద. ఇప్పుడు అక్కడ మిగిలిన ప్రెయిరీ ముక్కలను కాపాడేవాళ్లకు పెద్ద తలనొప్పి ఆసియా నుంచి మేత కోసం తెచ్చిన బ్లూస్టెమ్ గడ్డిజాతులు. వాటిలో క్లెబర్గ్ బ్లూస్టెమ్ అంటే మన మార్వెల్ గడ్డే. అంజన్ గడ్డి అరిజోనా ఎడారిలో మంటలు పెంచుతున్నది. ముప్కాల్‌లో నాటదగిన గడ్డిని అక్కడి తెలుగువాడు పెరట్లో పెడితే తప్పు, అతను లిటిల్ బ్లూస్టెమ్ పెట్టుకోవాలి. అటు నుంచి ఇటూ అంతే. ఫౌంటెన్ గ్రాస్ పేరుతో హైదరాబాద్ నర్సరీల్లో అమ్మే పెన్నిసెటం ఆఫ్రికాది. హవాయి దీవుల్లో అది ఎంత పాకిందో, ఎన్ని మంటలకు కారణమైందో రాతల్లో ఉంది. ఊదారంగు రకం గింజ అరుదుగా కడుతుంది కాబట్టి కొంత నయం, ఆకుపచ్చ రకాన్ని మాత్రం దూరంగా పెట్టాలి. కోనోకార్పస్ అనే పరాయి చెట్టును రోడ్ల పొడవునా నాటి, తర్వాత వద్దనుకోవాల్సి వచ్చిన అనుభవం మనకు ఉండనే ఉంది.

ఇంటి చుట్టూ గడ్డి అనగానే ఊళ్లో మొదట వచ్చే మాట పాము. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేసే పుస్తకాలంటే నాకు నమ్మకం కలగదు. కట్లపాము, నాగుపాము, రక్తపింజర తిరిగే నేల ఇది. పాము గడ్డి కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ఎలుక ధాన్యం, చెత్త, కట్టెలమోపు ఉన్నచోటికి వస్తుంది. అయినా దుబ్బులను గోడకు పదిహేను అడుగుల దూరంలోనే పెట్టాలి. రెండు దుబ్బుల మధ్య నేల కనపడేంత ఎడం ఉండాలి, నడిచే దారి పక్కన గరిక తప్ప ఎత్తయినది ఉండకూడదు. అప్పుడు పాము వచ్చినా కనపడుతుంది. గడ్డి పుప్పొడి పడక తుమ్ములు, ఆయాసం వచ్చేవాళ్లున్న ఇంట్లో పూతకు ముందే కంకి కోసెయ్యడం మేలు.

ప్రెయిరీ తోట అంటే గడ్డి ఒక్కటే కాదు, దాని నడుమ పూసే మొక్కలు కూడా. ఈ విషయంలో మన బీడు తక్కువ తినలేదు. రోషా దుబ్బుల మధ్య గునుగు తనంతట తాను మొలుస్తుంది. వెంపలి నేలకు నత్రజని ఇస్తుంది, విష్ణుక్రాంత నీలిపూలతో అడుగున పాకుతుంది, తంగేడు వెనక నిలబడుతుంది. బతుకమ్మకు పూలు దూరం పోయి తెచ్చుకోవలసి వస్తోందని ఆడవాళ్లు ఏటా అంటుంటారు. గడ్డిమందు కొట్టిన ఒడ్ల మీద గునుగు మిగలదు. పది ఇళ్ల పెరళ్లలో ఇలాంటి మడి ఉంటే ఆ లోటు కొంత తీరుతుంది. గిజిగాడు గూడు అల్లుకోవడానికి రెల్లు, చెరకు, జొన్న ఆకుల పీచు చీల్చుకుపోతుంది, కాబట్టి పొడవాటి ఆకుల గడ్డి ఉన్నచోటికి అదీ వస్తుంది.

పెంచే పద్ధతి కష్టం కాదు, ఓపిక కావాలి. తొలకరి పడి నేల నానాక పిలకలు విడదీసి అడుగున్నర, రెండడుగుల ఎడంలో నాటడం అన్నిటికన్నా నమ్మకమైన దారి. మొదటి ఏడాది కలుపు తీయాలి, వానలు తప్పితే వారానికోసారి తడపాలి, రెండో ఏడాది నుంచి వదిలెయ్యవచ్చు. వయ్యారిభామ దూరకుండా చూడటం మాత్రం మానకూడదు. గింజతో పెంచాలనుకునేవాళ్లు చాలామంది మొదటిసారే విసిగి వదిలేస్తారు. బీడు గడ్డి గింజ చాలా జాతుల్లో తాజాగా చల్లితే మొలవదు, నెలల తరబడి నిద్రలో ఉంటుంది. కార్తీకంలో దులిపి, గుడ్డసంచిలో ఆరబెట్టి, వచ్చే మృగశిరకు మట్టితో కలిపి ఉండలు చేసి వెయ్యాలి. గింజల్లో తాలు ఎక్కువ, అందుకని ఒత్తుగానే చల్లాలి. యూరియా అసలు వద్దు. బలిసిన నేలలో ఈ గడ్డి ఎత్తు పెరిగి పడిపోతుంది, కలుపుకే లాభం.

ఇదంతా వ్యక్తుల పని. ప్రభుత్వం వైపు చూస్తే గడ్డికి ఇంకా చోటు లేదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తోడ్పాటుతో వెలువడే బంజరు భూముల అట్లాసులో పొదలు, గడ్డి ఉన్న నేలలు బంజరు కిందికే వస్తాయి. బంజరు అంటే చెట్లు నాటాలి, లేదా ఎవరికైనా ఇవ్వాలి. జయశ్రీ రత్నం, మహేశ్ శంకరన్ లాంటి శాస్త్రవేత్తలు మన పొడి అడవుల్లో చాలా భాగం నిజానికి గడ్డి, చెట్లు కలిసి బతికే సవానా అని, అక్కడ ఒత్తుగా చెట్లు నాటడం మేలు కాదని పదిహేనేళ్లుగా వాదిస్తున్నారు. వాళ్ల మాట ఇంకా మండల స్థాయికి దిగలేదు. నిజాం కాలంలో మేత కోసం వదిలిన కంచెలు, గైరాన్ భూములు ఎలా కరిగిపోయాయో 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలి భూముల గొడవ దేశానికంతా చూపింది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడ్డ కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యంలో గడ్డి ఉన్నా చుట్టూ పంటకాలువలు వచ్చి పొలాలు మారిపోయాక ఆ పిట్ట కనపడటమే గగనమైంది. మనకు దగ్గరలో, నందిపేట వైపు శ్రీరాంసాగర్ వెనుకనీళ్లు తగ్గినప్పుడు తేలే పచ్చికలో కృష్ణజింకలు మేస్తాయి. ఎన్ని పెరళ్లలో రోషా నాటినా ఒక్క జింకకు చాలదు. పెరటి గడ్డి బీడుకు బదులు కాదు. బీడు ఉంటేనే పెరట్లోకి విత్తనం వస్తుంది.

2016లో మండలమైన ముప్కాల్ లాంటి చోట ఈ పని మొదలుపెట్టడానికి కావలసినవి చాలావరకు ఉన్నాయి. ప్రతి పంచాయతీకీ హరితహారం నాటి నర్సరీ ఉంది, పల్లె ప్రకృతివనం ఉంది. ఆ వనాల్లో చెట్ల మధ్య ఎండ పడే ఖాళీల్లో ఇప్పుడు ఎక్కువగా కలుపే ఉంటుంది. ఉపాధి కూలీలతో ఏటా దాన్ని చెక్కించే బదులు వట్టివేరు, రోషా, మార్వెల్ దుబ్బులు నాటించవచ్చు. పిలకలు పాలిథిన్ సంచుల్లో పెంచడం మొక్కలు పెంచడం కన్నా సులువు. ఏ బీడు నుంచి ఎంత గింజ తీయవచ్చో గొర్రెలకాపరులను అడగాలి, ఏ గడ్డి ఏ నెలలో కంకి వేస్తుందో వాళ్లకన్నా బాగా తెలిసినవాళ్లు ఊళ్లో లేరు. జిల్లాలోనే రుద్రూరులో చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది. చెరకు గురించి తెలిసినవాళ్లకు దాని అడవి చుట్టాలు కొత్తేమీ కాదు. రోషా, మార్వెల్, అంజన్ గడ్డి విత్తనం కట్టించి, మొలక శాతం చూసి, రైతుకు, పంచాయతీకి అమ్మేందుకు అక్కడ పది గుంటల మడి వేస్తే చాలు. దానికి కొత్త పథకం అక్కర్లేదు, వచ్చే తొలకరికి ముందు ఒక నిర్ణయం కావాలి.